సి మెషిన్ మీద ఆరుగురు

మంగళవారం పొద్దున ఏడున్నరకు హిందూపురంలో డయాలసిస్ సెంటరు గుమ్మం దగ్గర సాయిప్రసాద్ చెయ్యి అడ్డం పెడితే, జమ్రూద్ అతను తమాషా చేస్తున్నాడనుకుంది. అక్కడ మెషిన్లు నడిపే టెక్నీషియన్ అతను. రెండున్నరేళ్లుగా వారానికి మూడు రోజులు ఆమె మొగుడు గౌస్‌సాబ్ చేతికి సూదులు గుచ్చేది అతనే. "రా మామా, నీ పల్లకి కాచుకోనుండాది" అంటూ పడుకోబెట్టేవాడు. ఆ రోజు మాత్రం ముఖంలోకి చూడకుండా మాట్లాడాడు.

"అక్కా, లోపలికి రావద్దు. పోయిన వారం తీసిన రక్తం రిపోర్టు వచ్చినాది. మామకు సి పాజిటివ్."

"సి అంటే?"

"హెపటైటిస్ సి. లివర్‌ను తినే వైరస్. రక్తంలో నుంచి రక్తంలోకి పోతాది. మిగతావాళ్లు పండుకునే మెషిన్ మీద మామను పండబెట్టేకి లేదు. సి వాళ్లకు వేరే మెషిన్ ఉండాల. మా దగ్గర లేదు."

గౌస్‌సాబ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. శనివారం రక్తం శుద్ధి చేసింది, మళ్లీ ఈ రోజే చెయ్యాలి. మూడు రోజులు తాగిన నీళ్లన్నీ ఒంట్లోనే ఉన్నాయి. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.

"నాకు యాడ నుంచి వచ్చినాదబ్బా?" అన్నాడు మెల్లగా. "ఈ గది, మా ఇల్లు, రైలు. ఈ మూడూ తప్ప నేను యాడికీ పోలేదే."

సాయిప్రసాద్ చేతులకున్న గ్లౌజులు ఒకదాని తర్వాత ఒకటి లాగి మళ్లీ తొడుక్కున్నాడు.

"ఈ ఒగ్గసారికి చెయ్యి సాయీ" అంది జమ్రూద్. "ఈ రోజు చేసి పంపించు. మళ్లీ మీ గడప తొక్కం. నీకు దండం పెడతా."

"నా చేతిలో ఉంటే చెయ్యనా అక్కా? ధర్మవరంలో ఒగ సెంటరులో సి మెషిన్ ఉండాదంట. పదిన్నర బండి దొరుకుతాది. తొందరగా పోండి."

లోపల తొమ్మిది మంచాల్లో ఎనిమిది నిండి ఉన్నాయి. తొమ్మిదోది, కిటికీ పక్కది, గౌస్‌సాబ్‌ది. దాని మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. పక్క మంచం మీద సూదులతో పడుకున్న నాగక్క తల ఎత్తి చూసింది.

వాళ్లది పెనుకొండ. స్టేషన్‌కు పోయే దారిలో రేకుల షెడ్డు, అందులో పత్తి ఏకే మిషను. గౌస్‌సాబ్ తాత ముత్తాతల నుంచి పరుపులు కుట్టడమే బతుకు. కిడ్నీలు పోయాక దుమ్ములో కూర్చోలేక అతను గుమ్మంలోకి మారాడు, మిషను ముందుకు జమ్రూద్ వచ్చింది. కార్ల ఫ్యాక్టరీలో పనికి వచ్చి రూముల్లో ఉండే కుర్రాళ్లు స్పాంజి పరుపులు కొనుక్కున్నా, లాడ్జీలవాళ్లు, పెళ్లిళ్లవాళ్లు ఇంకా పత్తి పరుపులే కుట్టించుకుంటారు. ఒక్కగానొక్క కూతురు భాను చిలమత్తూరులో కాపురముంటోంది. ఇంట్లో ఇద్దరే.

హిందూపురం నుంచి ధర్మవరం పోయే రైలు పెనుకొండ మీదుగానే పోతుంది. పెనుకొండలో బండి ఆగగానే గౌస్‌సాబ్ సీటు పట్టుకుని లేచాడు.

"దిగుదాం పా. ఇంటికి పోయి పండుకుంటా. ఎట్లయితే అట్లయితాది."

జమ్రూద్ అతని చొక్కా వెనక నుంచి గుప్పిట పట్టింది. బండి కదిలేదాకా వదలలేదు. ఎదురు సీట్లోవాళ్లు చూస్తున్నారు. చూస్తే చూడనీ అనుకుంది.

ధర్మవరం సెంటరు చేరేసరికి పన్నెండు దాటింది. పెద్ద హాలు, హాలు చివర అల్యూమినియం తలుపు. తలుపు మీద ఎర్ర పెన్నుతో రాసిన "సి" అక్షరం. ఆ తలుపు వెనక చిన్న గదిలో ఒకే మంచం, ఒకే మెషిన్. ఆ మంచం మీద ఒక సన్నటి మనిషి కళ్లు మూసుకుని పడుకున్నాడు. బయట బెంచీ మీద ఆయన భార్య ఒళ్లో టవల్ పెట్టుకుని కూర్చుంది.

టెక్నీషియన్ హేమావతి ముప్పై దాటిన మనిషి. గౌస్‌సాబ్ కాళ్లు నొక్కి చూసింది, రిపోర్టు చదివింది.

"ఒగ మెషిన్ అక్కా, రోజుకు మూడు షిఫ్టులు. సోమ, బుధ, శుక్రవారం ముగ్గురు. మంగళ, గురు, శనివారం ముగ్గురు. ఆరుమందీ నిండిపోయినారు. పేరు రాసుకుంటా. ఖాళీ అయితే ఫోన్ చేస్తా."

"ఎప్పుడు ఖాళీ అయితాది?"

హేమావతి రాస్తున్న పెన్ను ఆపింది. "అది నేను చెప్పేకి లేదక్కా."

అప్పుడు జమ్రూద్‌కు అర్థమైంది. డయాలసిస్ అయిపోయే వైద్యం కాదు. ఈ ఆరుగురిలో ఒకరు చచ్చిపోతే తప్ప ఖాళీ రాదు.

డ్యూటీ డాక్టరు చూసి పొడులూ మాత్రలూ రాశాడు. రోజుకు గ్లాసు నీళ్లకు మించి తాగొద్దన్నాడు. "ఎవరైనా రాకపోతే ఆ షిఫ్టు మీకిస్తాం. ఆయాసం ఎక్కువైతే అంబులెన్సులో అనంతపురం పెద్దాసుపత్రికి పోండి, అర్జెంటుగా ఒకసారి చేస్తారు. వారానికి మూడు సార్లు అక్కడా కష్టమే, అక్కడ కూడా వరస ఉంది" అన్నాడు.

బుధవారం గౌస్‌సాబ్‌ను పక్కింటి గంగక్కకు అప్పజెప్పి జమ్రూద్ ఒక్కతే ధర్మవరం వెళ్లింది. ఎవరైనా రాకపోతే వెంటనే ఆటోలో పిలిపించుకోవచ్చని. తెల్లవారి మొదటి షిఫ్టు నుంచి సాయంత్రం మూడో షిఫ్టు దాకా అల్యూమినియం తలుపు ఎదురుగా కూర్చుంది. ముగ్గురూ వచ్చారు. ఒక ముసలాయన, ఒక స్కూలు టీచరు, బత్తలపల్లి నుంచి ఒక నడివయసు ఆడమనిషి. ఒక్కొక్కరు గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా జమ్రూద్ వేలు మడిచి లెక్కపెట్టుకుంది. మూడో మనిషి ఐదు నిమిషాలు ఆలస్యమైతే "రాకూడదు, రాకూడదు" అని పెదవులు కదిలాయి. తర్వాత ఆ పెదవులను కొంగుతో గట్టిగా తుడుచుకుంది.

గురువారానికి గౌస్‌సాబ్ పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరి ఆడదు. దిండ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి కూర్చోబెట్టినా గొంతులో నీళ్లు మరిగినట్టు చప్పుడు. అనంతపురం పోదామంటే తల అడ్డంగా ఊపాడు. "ధర్మవరం పోదాం. ఆడ ఖాళీ వస్తాదేమో" అన్నాడు. జమ్రూద్ ఆటో మాట్లాడింది.

పదకొండు గంటలకు రెండో షిఫ్టు మనిషి వచ్చాడు. మంగళవారం చూసిన ఆ సన్నటి మనిషే. పేరు ఈశ్వరప్ప, ధర్మవరంలోనే పట్టుచీరలు నేసే ఇల్లు. భార్య రామాంజినమ్మ ఆయన చంక కింద చెయ్యి వేసి నడిపిస్తోంది. నాలుగడుగులు వేసి ఆగుతున్నాడు. ఆయన్ను చూడగానే జమ్రూద్ మనసు తనంత తానే చెప్పింది: ఈయనే. ఈయనే ముందు. ఆ మాట విని తానే అదిరిపడింది. అదిరిపడి కూడా ఆయన పాదాల వాపు వైపు చూడటం మానలేకపోయింది.

తలుపు మూసుకుంది. పక్కన గౌస్‌సాబ్ కుర్చీ పట్టుకుని ముందుకు వంగి, నోరు తెరిచి గాలి లాగుతున్నాడు. జమ్రూద్ లేచి రామాంజినమ్మ ముందు నిలబడింది.

"అక్కా, నేనొగటి అడుగుతా. కొట్టాలనిపిస్తే కొట్టు."

"ఏమ్మా?"

"మీ ఆయనకు నాలుగు గంటలు గదా. అందులో రెండు మా ఆయనకియ్యి."

రామాంజినమ్మ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, అర్థమయ్యాక లేచి నిలబడింది. "నీకు మతి ఉండాదా? ఇదేమన్నా టీ అనుకున్న్యావా, సగం సగం తాగేకి? నాలుగు గంటలు చేసినా మా ఆయనకు చాలడం లేదని డాక్టర్లే అంటాండారు. పో, పక్కకు పో!"

"పోతా అక్కా. పోయి ఏం చెయ్యాలో చెప్పు, పోతా."

హాలులోవాళ్లంతా తిరిగి చూశారు. అల్యూమినియం తలుపు అంత మందమైనది కాదు. లోపల నుంచి బలహీనమైన గొంతు వినిపించింది.

"రామాంజీ, ఎవరామె?"

"ఎవరూ లేరు. నువ్వు పండుకో."

"తలుపు తియ్యి."

హేమావతి తలుపు తీసింది. ఈశ్వరప్ప చేతికి రెండు సూదులు, రెండు ఎర్రటి పైపులు. తల తిప్పి గౌస్‌సాబ్ వైపు చూశాడు. "ఎన్ని దినాలైనాది చేసి?"

"ఐదు" అంది జమ్రూద్.

"ఐదు దినాలంటే ఎట్లుంటాదో నాకు తెలుసు. రొమ్ము మీద మనిషి కూర్చున్నట్లుంటాది." హేమావతి వైపు తిరిగాడు. "హేమా పాపా, రెండు గంటలు కాగానే నన్ను లేపు. ఆయప్పను పండబెట్టు."

రామాంజినమ్మ గట్టిగా ఏడ్చేసింది. ఆయన్నే తిట్టింది. నీకు ఇల్లు గుర్తుందా, నేను గుర్తున్నానా అంది. ఆయన కళ్లు మూసుకుని వింటూ పడుకున్నాడు, మాట మాత్రం మార్చలేదు. హేమావతి డ్యూటీ డాక్టరుతో మాట్లాడింది. ఇద్దరూ కాగితం మీద సంతకం పెడితే చెయ్యమన్నాడు ఆయన. ఒకరికీ ఇంకొకరికీ మధ్య మెషిన్ కడగాలి, అందుకు నలభై నిమిషాలు పోతుంది. అంటే ఇద్దరికీ రెండు గంటలు కూడా పూర్తిగా రావు.

ఒంటిగంట కాకముందే ఈశ్వరప్ప లేచి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి గౌస్‌సాబ్ ఆ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. గంట గడిచాక గొంతులో చప్పుడు తగ్గింది. గంటన్నరకు కళ్లు తెరిచి జమ్రూద్‌ను వెతుక్కున్నాడు. ఆమె తలుపు దగ్గర నేల మీద కూలబడి ఉంది. బెంచీకి ఆ చివర రామాంజినమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుని కూర్చుంది.

అలా మొదలైంది. మంగళ, గురు, శనివారాలు ఆ నాలుగు గంటలను ఇద్దరూ పంచుకున్నారు. ఇద్దరూ సగం సగం బతికారు. ఎవరి కాళ్ల వాపూ పూర్తిగా తగ్గేది కాదు, ఎవరికీ అన్నం సహించేది కాదు. ఈశ్వరప్ప మాత్రం గౌస్‌సాబ్‌ను చూసి నవ్వేవాడు. "ఏం సాబూ, ఒగే మంచం, ఒగే మెషిన్. అన్నదమ్ములు గూడా ఇంత సర్దుకోరు" అనేవాడు. రామాంజినమ్మ జమ్రూద్‌తో మాట్లాడేది కాదు. అయితే జమ్రూద్ తెచ్చిన బొరుగుల పొట్లం బెంచీ మీద మధ్యలో పెడితే, రెండో వారం నుంచి చెయ్యి పెట్టి తీసుకోవడం మొదలుపెట్టింది.

పెనుకొండలో సంగతి పాకింది. లాడ్జీ ఓబన్న పన్నెండు పరుపులకు పత్తి దింపిపోయినవాడు, ఒక పొద్దున ఆటో తెచ్చి మూటలన్నీ తిరిగి ఎక్కించుకున్నాడు.

"ఏమనుకోవద్దమ్మా. పరుపులో నుంచి అంటుకుంటాదని అంటాండారు."

"రక్తంలో నుంచేనంట అన్నా. పరుపులో రక్తముంటాదా?"

"నాకు తెల్దమ్మా. పండుకునేవాళ్లు అడుగుతారు గదా." మూటల మీద తాడు బిగించి వెళ్లిపోయాడు. ఆ రోజంతా ఏకే మిషను తిరగలేదు.

మూడో వారం డ్యూటీ డాక్టరు చీటీ రాసిచ్చి అనంతపురం పెద్దాసుపత్రికి పంపాడు, లివర్ ఎట్లా ఉందో చూపించుకోమని. అక్కడ హెపటైటిస్ గదిలో కూర్చున్న డాక్టరమ్మ రిపోర్టులన్నీ ఓపిగ్గా చదివింది.

"ఇది పోయే జబ్బమ్మా" అంది.

జమ్రూద్ సరిగా వినలేదేమో అనుకుంది. "ఏమంటాండారు మేడమ్?"

"సి వైరస్ పోతుంది. రోజుకు ఒక మాత్ర, మూడు నెలలు. ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ముందు రక్తంలో వైరస్ ఎంత ఉందో పరీక్షకు పంపాలి. రిపోర్టు రాగానే మాత్రలు మొదలుపెడదాం."

"డయాలసిస్ వాళ్లక్కూడానా?"

"వాళ్లక్కూడా. కిడ్నీలు బాగుపడవు, కానీ వైరస్ పోతుంది. పోతే మామూలు మెషిన్ మీదే పడుకోవచ్చు."

బయటికి వచ్చాక జమ్రూద్ మెట్ల మీద కూర్చుండిపోయింది. సంతోషం కాదు, కోపం. ఈశ్వరప్ప ఆ గదిలోకి వచ్చి రెండేళ్లు దాటింది. టీచరు మూడేళ్లుగా వస్తున్నాడు. ఆరుగురినీ వేరుగా పడుకోబెట్టారు, తలుపు మీద అక్షరం రాశారు. మాత్ర ఉందని ఒక్కరూ చెప్పలేదు.

మర్నాడు శనివారం ఆ కోపమంతా హేమావతి మీద పోసింది. "నీకు తెల్దా పాపా? నిజం చెప్పు."

హేమావతి ముఖం తెల్లబోయింది. "మందులుండాయని విన్న్యానక్కా. లక్షల ఖరీదనుకున్న్యా. ఊరికే ఇస్తారని నిజంగా తెల్దు. సి అంటే వేరే మెషిన్, అంతే మాకు నేర్పించినారు." నోటుబుక్కు తెచ్చి ఆరుగురి ఫోన్ నంబర్లూ రాసి జమ్రూద్ చేతిలో పెట్టింది. "నువ్వు చెప్తే వింటారు. నేను చెప్తే నన్నే అడుగుతారు, ఇన్నాళ్లు యాడికి పోయినావని."

జమ్రూద్ ఆరుగురికీ చెప్పింది. ముసలాయన "ఈ వయసులో నాకెందుకమ్మా" అన్నాడు. బత్తలపల్లి ఆమె, కొత్త మాత్రలు మింగితే ఉన్న ప్రాణం కూడా పోతుందని భయపడింది. మిగతా నలుగురూ వస్తామన్నారు. ఈశ్వరప్ప కూడా. రామాంజినమ్మ అప్పుడు మొదటిసారి జమ్రూద్ ముఖంలోకి చూసి మాట్లాడింది.

"రెండేండ్లు, జమ్రూదూ. రెండేండ్లలో ఎవరన్నా ఒగరు చెప్పకూడదా?"

సోమవారం టీచరు తప్ప ముగ్గురూ జమ్రూద్ వెంట అనంతపురం వెళ్లారు. సోమవారం టీచరుకు డయాలసిస్, అతను మర్నాడు పోయాడు. అందరి రక్తమూ పరీక్షకు వెళ్లింది. గౌస్‌సాబ్ రిపోర్టు పది రోజులకు రెడీ అయిందని ఫోన్ వచ్చింది. ఈశ్వరప్పది కూడా వస్తుంది, రెండూ ఒకేసారి తీసుకుందాం, ఒకే రోజు మొదటి మాత్ర మింగుతామని ఇద్దరు మగవాళ్లూ పిల్లల్లాగా పందెం వేసుకున్నారు. దానికోసం గౌస్‌సాబ్ మూడు రోజులు ఆగాడు.

ఆ తర్వాతి సోమవారం జమ్రూద్, గౌస్‌సాబ్ వెళ్లి మాత్రల డబ్బా తీసుకున్నారు. ఈశ్వరప్ప రెండు రోజులుగా నీరసంగా ఉండి రాలేకపోయాడు. ఆయన రిపోర్టు జమ్రూద్ తీసుకుంది. వైరస్ ఉందని, మాత్రలు మొదలుపెట్టవచ్చని అందులో ఉంది. మొదటి డబ్బా మనిషి చేతికే ఇస్తాం, బుధవారం తీసుకురా అన్నారు. ధర్మవరం బండిలో కూర్చున్నాక ఫోన్ మోగింది. హేమావతి.

"జమ్రూదక్కా, రేపటి నుంచి మామకు పూర్తి నాలుగు గంటలు. స్లాట్ ఖాళీ అయినాది."

మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. హేమావతి ఏడుస్తోంది. జమ్రూద్ ఎవరని అడగలేదు. ఒళ్లో ఉన్న కవరు మీద ఆయన పేరు రాసి ఉంది.

ఆ పొద్దున ఈశ్వరప్ప మగ్గం పక్కన కూర్చుని పట్టుదారం కండెలకు చుడుతూ, "కొంచెం గస పెడతాండాది" అన్నాడట. రామాంజినమ్మ విసనకర్ర తెచ్చేలోపు ఒరిగిపోయాడట.

ధర్మవరంలో దిగి నేరుగా ఆ ఇంటికి వెళ్లారు. సందు నిండా జనం. సగం నేసిన ముదురాకుపచ్చ చీర మగ్గం మీదే ఉంది. రామాంజినమ్మ జమ్రూద్‌ను చూసి ఏడవలేదు. దగ్గరికి రమ్మని చేత్తో పిలిచింది. చెవి దగ్గర, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"ఆ రెండు గంటలు ఇయ్యకపోయింటే బతికుండునా?"

జమ్రూద్‌కు లేదక్కా అని చెప్పాలని ఉంది. చెప్పడానికి తనకు తెలియదు. తర్వాత హేమావతిని అడిగితే, గుండె ఎప్పటి నుంచో బలహీనంగా ఉందని, చెప్పలేమని అంది. డాక్టరూ అదే మాట అన్నాడు. ఎవరూ ఔననలేదు, ఎవరూ కాదనలేదు.

మంగళవారం గౌస్‌సాబ్ అల్యూమినియం తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు.

"నేను పండుకోలేనే."

"పండుకో."

"ఆయప్ప జాగా..."

"ఆయప్ప జాగానే. ఆయప్ప ఇచ్చిందే. పండుకో" అంటూ జమ్రూద్ అతని భుజాలు పట్టి కూర్చోబెట్టింది. మాటలు కఠినంగా వచ్చాయి. బయటికి వచ్చి బాత్‌రూములో కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో ఏడ్చింది.

గౌస్‌సాబ్ మూడు నెలలు ఒక్క రోజు తప్పకుండా మాత్రలు మింగాడు. పరీక్షలో వైరస్ కనిపించలేదు. ఇంకో మూడు నెలలు ఆగి మళ్లీ చేశారు. అప్పుడూ కనిపించలేదు. "పోయిందమ్మా" అని డాక్టరమ్మ కాగితం మీద సంతకం పెట్టింది. టీచరుకూ, మిగతా ఇద్దరికీ కూడా పోయింది.

ఆ కాగితం పట్టుకుని హిందూపురం వెళ్తే, సాయిప్రసాద్ ముందు మొహమంతా నవ్వాడు. తర్వాత వేలి నుంచి చుక్క రక్తం తీసి కార్డు పరీక్ష చేశాడు. కార్డు మీద రెండు గీతలు వచ్చాయి. నవ్వు పోయింది.

"ఇంకా పాజిటివే చూపిస్తాండాదక్కా."

"అది జబ్బు వచ్చిపోయిన గుర్తంట. బతికినన్నాళ్లూ గీత వస్తూనే ఉంటాదని మేడమ్ రాసిచ్చినారు. ఈడ చూడు."

సెంటరు డాక్టరు కాగితం చదివి పక్కన పెట్టాడు. "మీరు చెప్పేది సరేనమ్మా. రేపు ఇక్కడ ఇంకెవరికైనా వస్తే, మీ ఆయన వల్లే అంటారు. మిగతా పేషెంట్లు ఒప్పుకోరు."

జమ్రూద్ ఇంటికి పోయింది. ఇంకోసారి వెళ్లింది, ఇంకోసారి తిరిగొచ్చింది. అప్పటికే ధర్మవరంలో బెంచీ మీద సౌమ్య కూర్చుంటోంది. రొళ్ల నుంచి వస్తోంది ఆ పిల్ల, ఇరవై రెండేళ్లు. తల్లి భుజం మీద తల పెట్టుకుని, వచ్చే పోయే పేషెంట్లను ఒక్కొక్కరినీ చూస్తూ ఉంటుంది. గౌస్‌సాబ్ లోపలికి పోయేటప్పుడు ఆ తల్లి అతని పాదాలకేసి చూసిన చూపు జమ్రూద్ గుర్తుపట్టింది. జబ్బు లేని మనిషి జబ్బు మెషిన్ మీద పడుకుంటే, జబ్బున్న పిల్ల బెంచీ మీద కూర్చోవలసి వస్తోంది. రాత్రింబగళ్లు అదే ఆలోచన.

మూడోసారి హిందూపురంలో ఆమె డాక్టరు గదికి పోలేదు. నేరుగా హాలులోకి నడిచింది. సాయిప్రసాద్ అడ్డం రాబోయి ఆగిపోయాడు. మంచాల మధ్య నిలబడి కాగితం పైకెత్తింది.

"నేను మీ అందరికీ తెలుసు. రెండున్నరేండ్లు మీ పక్కనే కూర్చున్న్యా. మా ఆయనకు సి వచ్చినాది. మాత్రలు మింగినాడు, పోయినాది. పెద్దాసుపత్రి కాగితం ఇది. మీరు ఒప్పుకోరంటాండారు. మీ నోటితోనే చెప్పండి, ఒప్పుకోరా?"

మెషిన్లు తిరుగుతున్న చప్పుడు. ఒకాయన దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. చాలాసేపటికి నాగక్క గొంతు సవరించుకుంది.

"డాక్టరును పిలువు సాయీ." ఆయన రాగానే పడుకునే అడిగింది. "సారూ, మాకందరికీ మూడు నెలలకోసారి రక్తం తీస్తారు గదా. రేపు నాకు వచ్చిందనుకో. నన్ను గూడా ఇట్లనే గుమ్మం బయటికి తోస్తారా?"

డాక్టరు ఏదో చెప్పబోయాడు.

"నాకు తోడు ఎవరూ లేరు సారూ. ధర్మవరం, అనంతపురం ఆయమ్మ మాదిరి నేను తిరగలేను. నేను ఇంట్లోనే పోతా. అందుకే చెప్తాండా. గౌస్‌సాబును నా పక్క మంచంలోనే పండబెట్టండి. నాకు భయం లేదు."

ఇంకో ఇద్దరు తలూపారు. ఒకాయన మాత్రం తనను వేరే షిఫ్టుకు మార్చమన్నాడు, మార్చారు. అనంతపురం డాక్టరమ్మతో సెంటరు డాక్టరు ఫోన్‌లో అరగంట మాట్లాడాడు. ఆరు నెలలకోసారి వైరస్ పరీక్ష చేయించాలనే షరతుతో గురువారం నుంచి రమ్మన్నాడు.

గురువారం గౌస్‌సాబ్‌ను మెషిన్‌కు తగిలించాక జమ్రూద్ బయటికి వచ్చి హేమావతికి ఫోన్ చేసింది. స్లాట్ సౌమ్యకు ఇచ్చేశామని, ఇప్పుడే ఆ పిల్లను పడుకోబెట్టానని హేమావతి చెప్పింది. తర్వాత జమ్రూద్ చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడి, రామాంజినమ్మ నంబరు నొక్కింది. ఆమెతో మాట్లాడి నాలుగు నెలలైంది.

"అక్కా, నేను జమ్రూద్‌ని. మా ఆయనను హిందూపురంలో తీసుకున్న్యారు."

అటు నుంచి మగ్గం చప్పుడు వినిపించి ఆగింది. "ఊఁ. ఆయన జాగా ఎవరికిచ్చినారు?"

"రొళ్ల పిల్లకు. చిన్న పిల్ల అక్కా, ఇరవై రెండు."

అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు. "ఆ పిల్లకు మాత్రల సంగతి చెప్పినారా?"

"చెప్పినా. రేపు రక్తానికి అనంతపురం పిలుచుకోని పోతాండా. వాళ్లమ్మకు దోవ తెల్దు, భయపడతాంది."

"రేపు గదా. ధర్మవరం స్టేషన్‌లో కాచుకోనుంటా, నేనూ వస్తా" అంది రామాంజినమ్మ. "ఎన్ని గంటల బండి?"